మాస్కు వేరు, మాస్కు ఆదేశం వేరు

సంపాదకులకు నమస్కారం.

కోవిడ్ ఉద్ధృతి తగ్గితే మాస్కుల మీద వాదన కూడా సద్దుమణుగుతుందని చాలామంది అనుకున్నారు. సద్దుమణగలేదు. పాఠకుల ఉత్తరాల్లో, టీవీ చర్చల్లో, ఒకే ఇంట్లో అన్నదమ్ముల మధ్య కూడా అదే ప్రశ్న, అవే రెండు జవాబులు. పనిచేస్తుందని ఒకరు, పనిచేయదని మరొకరు. ఇద్దరి దగ్గరా రుజువులున్నాయి. ఒకరు ప్రయోగశాల లెక్కలు తీస్తారు, మరొకరు జనం మీద జరిగిన పరీక్షల ఫలితాలు తీస్తారు. ఆ రెండూ నిజమే కావడమే ఈ వాదన తెగకపోవడానికి కారణం.

మాస్కు ఒక వస్తువు. ‘అందరూ మాస్కు పెట్టుకోవాలి’ అనేది ఒక ఆదేశం. వస్తువు ఎంత ఆపుతుందో యంత్రం పెట్టి కొలవవచ్చు. ఆదేశం ఎంత ఫలితమిచ్చిందో కొలవాలంటే ఎంతమంది పెట్టుకున్నారు, ఏ రకం పెట్టుకున్నారు, ముక్కు కిందికి జార్చారా, ఎక్కడెక్కడ తీసేశారు అన్నవన్నీ లెక్కలోకి వస్తాయి. ఆదేశాన్ని సమర్థించేవారు వస్తువు తాలూకు అంకెలు చూపించి ఆదేశం కూడా అంతే పనిచేస్తుందంటున్నారు. ఆదేశం నచ్చనివారు దాని తాలూకు బలహీనమైన అంకెలు చూపించి వస్తువునే కొట్టిపారేస్తున్నారు. ఈ రెంటినీ విడదీసి చూడాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడవైనా ప్రచురించమని మనవి.

ముందు వస్తువు సంగతి. ‘వైరస్ సైజు 0.1 మైక్రాను (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), మాస్కులో సందులు అంతకు ఎన్నో రెట్లు పెద్దవి, ఇంక అది ఆపేదేముంది?’ అన్న వాదన వినగానే నిజమేననిపిస్తుంది. మాస్కును జల్లెడలాగా ఊహించుకోవడం వల్ల వచ్చిన చిక్కు అది. సర్జికల్ మాస్కులోనూ, ఎన్95లోనూ అసలు పనిచేసే నడిమి పొర నేసిన గుడ్డ కాదు. పాలీప్రొపిలీన్‌ను కరిగించి, వేడిగాలితో ఊది, సన్నటి పోగులుగా అడ్డదిడ్డంగా పరిచిన పొర. గాలి ఆ పోగుల మధ్య మెలికలు తిరుగుతూ పోవాలి. కాస్త బరువున్న కణాలు ఆ మలుపుల్లో గాలితో పాటు తిరగలేక పోగుకు గుద్దుకుంటాయి. మధ్యరకం కణాలు పోగు పక్కనుంచి రాసుకుంటూ పోతూ అంటుకుంటాయి. మరీ చిన్నవాటిని గాలి అణువులే అటూ ఇటూ తోస్తుంటాయి గనుక, నిలకడ లేకుండా కొట్టుకుంటూ ఏదో ఒక పోగుకు తగులుతాయి. వీటన్నిటికీ తోడు తయారీలోనే ఆ పోగులకు స్థిర విద్యుత్తు ఎక్కిస్తారు. అది కణాలను తనవైపు లాక్కుంటుంది.

అందుకే ఫిల్టరుకు కష్టమయ్యేది అన్నిటికన్నా చిన్న కణం కాదు, నడిమి సైజు కణం. మామూలు ఫిల్టర్లలో అది 0.3 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది. ఎన్95 పరీక్షలో నిమిషానికి 85 లీటర్ల గాలి వేగంతో, సుమారు ఆ సైజు ఉప్పు కణాలను పంపి, కనీసం 95 శాతం ఆగితేనే ముద్ర వేస్తారు. ప్రశాంతంగా కూర్చున్న మనిషి నిమిషానికి పీల్చేది పది లీటర్ల లోపే కాబట్టి ఇది కఠినమైన పరీక్షే. విద్యుదావేశం ఉన్న పొరల్లో ఆ కష్టమైన సైజు ఇంకాస్త కిందికి జరిగే మాట నిజమే గానీ, అక్కడ కూడా అత్యధిక భాగం కణాలు చిక్కుతాయి. పైగా వైరస్ ఒంటరిగా గాల్లో ఎగరదు. ఉప్పు, ప్రొటీన్లు, శ్లేష్మం కలిసిన తడి కణంలో ఇమిడి బయటికొస్తుంది. మాస్కు పట్టుకోవాల్సింది ఆ కణాన్ని.

ఇక్కడే ఇంకో విషయం గమనించాలి. నోటి దగ్గర ఆ కణం తడిగా, పెద్దదిగా ఉంటుంది. బయటి గాలి తగిలిన క్షణాల్లోనే నీరు ఆవిరై చిక్కిపోతుంది. నిశ్చలమైన గాలిలో మనిషి నోటి ఎత్తు నుంచి 100 మైక్రాన్ల తుంపర నేల చేరడానికి ఆరేడు సెకన్లు చాలు. 5 మైక్రాన్లదైతే అరగంట పడుతుంది. ఒక మైక్రాను కణం గంటల తరబడి తేలుతూనే ఉంటుంది. కాబట్టి కణం ఇంకా పెద్దదిగా ఉన్నప్పుడు, అది పుట్టిన చోటే పట్టుకోవడం సులువు. జబ్బు ఉన్న మనిషి పెట్టుకున్న సాదా మాస్కు కూడా ఎంతో కొంత ఉపయోగపడటానికీ, అదే మాస్కు ఎదుటి మనిషి పెట్టుకుంటే అతన్ని అంతగా కాపాడలేకపోవడానికీ కారణం ఇదే. కోవిడ్‌లో లక్షణాలు కనబడకముందే వైరస్ బయటికొచ్చేది గనుక జబ్బు ఎవరికుందో ముందుగా తెలిసే వీలు లేదు. ‘ఆరోగ్యంగా ఉన్న నాకెందుకు’ అన్న ప్రశ్నకు జవాబు అక్కడుంది.

పొర గురించి ఇంత వాదించుకుంటున్నాం గానీ, మాస్కు ఎక్కువగా ఓడిపోయేది పొర దగ్గర కాదు, అంచు దగ్గర. గాలి ఎప్పుడూ తేలిక దారినే ఎంచుకుంటుంది. ముక్కు పక్కన చిన్న సందు ఉన్నా పొరను వదిలి అటే పోతుంది. లెక్క వేసి చూడండి. పొర 99 శాతం ఆపేదే అనుకుందాం. కానీ పీల్చే గాలిలో ఐదో వంతు అంచుల్లోంచి వస్తోంది. ఆ 20 శాతం గాలికి వడపోత అనేదే లేదు. మిగతా 80 శాతంలో నూటికొకటి జారిపోతుంది. మొత్తం కలిపితే నూటికి దాదాపు 21 కణాలు లోపలికి చేరతాయి. అదే 80 శాతం మాత్రమే ఆపే మామూలు పొర, సందు లేకుండా ముఖానికి అతుక్కుని ఉంటే, లోపలికొచ్చేవి 20. అంటే సందు వదిలి పెట్టుకున్న మేలురకం మాస్కు, సందు లేని సాదా మాస్కుకన్నా ఏమాత్రం గొప్పది కాదు. పొరలు పెంచితే మేలు జరుగుతుందన్న నమ్మకం కూడా అందుకే దెబ్బతింటుంది. పొరలు ఎక్కువైతే గాలికి అడ్డు పెరుగుతుంది. అడ్డు పెరిగితే గాలి ఇంకా ఎక్కువగా పక్కలనుంచి పోతుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. 1918 ఇన్‌ఫ్లూయెంజాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం అక్టోబరులో మాస్కు తప్పనిసరి చేసింది. నవంబరులో ఎత్తేసింది. జనవరి 1919లో మళ్లీ పెట్టింది. దాన్ని వ్యతిరేకిస్తూ మాస్కు వ్యతిరేక సంఘమే పుట్టింది, సభలు పెట్టింది. ఫిబ్రవరి మొదట్లో ఆ నిబంధన పోయింది. ఆనాటి మాస్కులు పలచటి గాజుగుడ్డ పొరలు. కాలిఫోర్నియా ఆరోగ్య శాఖలో పనిచేసిన కెలాగ్, ఆయన సహచరురాలు మెక్‌మిలన్ వాటిమీద ప్రయోగాలు చేసి 1920లో ఫలితాలు ప్రచురించారు. సూక్ష్మక్రిములను ఆపేంత దట్టంగా పొరలు వేస్తే ఊపిరాడటం కష్టమై గాలి అంచుల నుంచి పోతోందని, అందువల్ల అందరికీ నిర్బంధం చేసేంత సామర్థ్యం ఆ మాస్కులకు ఉన్నట్టు రుజువు కాలేదని తేల్చారు. ఆ మాట గాజుగుడ్డ మాస్కు గురించి, దాని నిర్బంధం గురించి చెప్పింది. వందేళ్ల తర్వాత దాన్ని తెచ్చి ఎన్95కు అంటగట్టడం సరికాదు. అంచుల గురించి ఆ వ్యాసం చెప్పిన హెచ్చరికను పక్కనపెట్టి, 2020లో ఏ గుడ్డయినా చాలని జనానికి చెప్పడం కూడా సరికాదు.

మాస్కు సరిగ్గా అమర్చుకోవడానికి రెండు నిమిషాలు చాలు. ఎన్95 అయితే ముందు చేతులు కడుక్కోవాలి. ఎలాస్టిక్ పట్టీలు సాగిపోయాయేమో, అంచు ఎక్కడైనా నలిగిందేమో చూడాలి. మాస్కును అరచేతిలో గిన్నెలా పట్టుకుని, ముక్కు పట్టీ పైకి ఉండేలా గడ్డం కిందనుంచి ముఖానికి ఆనించాలి. ఒక పట్టీ చెవుల కింద మెడ వెనక్కి, రెండోది నడినెత్తికి కాస్త వెనగ్గా రావాలి. రెండు పట్టీలూ మెడ మీదికే దించితే పై అంచు వదులవుతుంది. ఎక్కువమంది చేసే తప్పు ఇదే. తర్వాత ముక్కు మీద లోహపు పట్టీని రెండు చేతుల వేళ్లతో నడిమి నుంచి పక్కలకు నొక్కుకుంటూ రావాలి. ఒక్క చేత్తో గిల్లినట్టు నొక్కితే ముక్కు దూలం దగ్గర కోణంగా మడతపడి, ఇరుపక్కలా రెండు సందులు మిగులుతాయి. ఆఖరున రెండు అరచేతులతో మాస్కును కప్పి గట్టిగా ఊపిరి వదలాలి. కంటి కింద గానీ చెంపల దగ్గర గానీ గాలి తగిలితే సర్దుకోవాలి. లోపలికి పీల్చినప్పుడు మాస్కు కొద్దిగా ముఖానికి అంటుకోవాలి. కళ్లద్దాలు మసకబారుతున్నాయంటే ముక్కు దగ్గర సందు ఉన్నట్టే. గడ్డం ఉన్నవారికి అంచు కింద వెంట్రుకలుంటే అది ఎంత మంచి మాస్కయినా అతుక్కోదు. మాట్లాడినప్పుడల్లా కిందికి జారుతుంటే ఆ సైజు ఆ ముఖానికి పనికిరాదు, వేరే నమూనా చూసుకోవాలి. ఆసుపత్రుల్లో ఈ అంచనాతో ఊరుకోరు. తీపి లేదా చేదు ద్రావణాన్ని గాల్లోకి చల్లి, మాస్కు పెట్టుకున్న మనిషికి ఆ రుచి తెలుస్తోందా అని పరీక్షిస్తారు. రుచి తెలిస్తే ఆ మాస్కు ఆ మనిషిది కాదు.

సర్జికల్ మాస్కుకు అంత బిగువు రాదు. తయారుచేసిందే వేరే అవసరానికి. అయినా దాన్ని మెరుగుపరచవచ్చు. పై అంచు కింది అంచును తాకేలా సగానికి మడిచి, చెవి దారాలను మాస్కు అంచుకు ఆనేలా ఒక్కో ముడి వేసి, పక్కల మిగిలిన కుచ్చును లోపలికి దోపితే చెంపల దగ్గర తెరుచుకునే సందు మూసుకుపోతుంది. లేదా దానిమీద బిగువుగా ఉండే గుడ్డ మాస్కు ఒకటి పెట్టుకుంటే అది అంచులను నొక్కి పట్టుకుంటుంది. 2021 ఫిబ్రవరిలో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ప్రచురించిన ప్రయోగంలో, కృత్రిమంగా దగ్గించిన బొమ్మ నుంచి వచ్చిన కణాల్లో సర్జికల్ మాస్కు ఒక్కటే, గుడ్డ మాస్కు ఒక్కటే పెట్టినప్పుడు దాదాపు సగం మాత్రమే ఆగాయి. సర్జికల్ మీద గుడ్డ మాస్కు పెడితే 85 శాతం దాటింది. పొర పెరిగినందుకు మాత్రమే ఇంత తేడా రాదు, అంచు మూసుకుపోయినందుకు వచ్చింది. రెండు సర్జికల్ మాస్కులు ఒకదానిమీద ఒకటి పెట్టుకుంటే ఆ ఫలితం రాకపోవడానికీ అదే కారణం. ఎన్95 మీద గానీ కింద గానీ ఇంకేదీ పెట్టకూడదు, ఉన్న బిగువు కూడా చెడుతుంది. సీడీసీది బొమ్మల మీద జరిగిన ప్రయోగమని, జనం మధ్య అంత ఫలితం ఉంటుందని దాని అర్థం కాదని కూడా చెప్పాలి. ఈ చివరి మాట చాలాచోట్ల వదిలేశారు.

నిల్వ చేయడంలో జరిగే నష్టం కూడా తక్కువేమీ కాదు. ఎన్95ను సబ్బుతో ఉతికినా, శానిటైజరు చల్లినా పోగుల్లోని విద్యుదావేశం పోతుంది. చూడటానికి మాస్కు కొత్తదానిలాగే ఉంటుంది, ఊపిరి మునుపటిలాగే ఆడుతుంది, లోపల పనితనం మాత్రం పడిపోయి ఉంటుంది. మళ్లీ వాడాల్సి వస్తే ఐదారు మాస్కులు దగ్గరుంచుకుని వరసగా తిప్పుకోవడం మేలు. వాడినదాన్ని కాగితం సంచిలో పెట్టి కనీసం ఐదు రోజులు ఆరనివ్వాలి. ప్లాస్టిక్ సంచిలో తేమ పోదు. పట్టీలు వదులైనా, ముక్కు పట్టీ విరిగినా, లోపల తడిసినా, మాసినా తీసి పారేయాల్సిందే. సర్జికల్ మాస్కు ఒక పూట వస్తువు, ఉతకడానికి లేదు. గుడ్డ మాస్కును రోజూ సబ్బు, వేడినీళ్లతో ఉతికి పూర్తిగా ఆరాక వాడాలి. ఊపిరి బయటికి వదిలే కవాటం ఉన్న మాస్కు పెట్టుకున్నవారిని కాపాడుతుంది గానీ, వారు వదిలే గాలి చాలావరకు వడపోత లేకుండానే ఎదుటివారి వైపు వస్తుంది. ఇక నకిలీల సంగతి. అమెరికా ప్రమాణం ప్రకారం ఆమోదం పొందిన ఎన్95కు పట్టీలు తల వెనక్కి వెళ్తాయి. చెవులకు తగిలించే దారాలున్న దానిమీద ఎన్95 అని రాసి ఉంటే అది ఆ ఆమోదం ఉన్నది కాదు. చైనా ప్రమాణపు కేఎన్95, కొరియా ప్రమాణపు కేఎఫ్94 రకాలు వేరు, వాటికి సాధారణంగా చెవి దారాలుంటాయి.

వస్తువు అది. ఇప్పుడు ఆదేశం సంగతి.

మాస్కు పనిచేయదనేవారు ఎక్కువగా చూపించేవి డెన్మార్క్ పరీక్ష, వైద్య పరీక్షల ఫలితాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష. డెన్మార్క్‌లో 2020 వసంతంలో సుమారు 6 వేలమందిని రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు సర్జికల్ మాస్కులిచ్చి బయటికి వెళ్లినప్పుడు పెట్టుకోమన్నారు. నెల తర్వాత ఆ జట్టులో 1.8 శాతం మందికి, రెండో జట్టులో 2.1 శాతం మందికి వైరస్ సోకినట్టు తేలింది. ఆ తేడా యాదృచ్ఛికమూ కావచ్చు. అయితే ఆ పరీక్ష అడిగిన ప్రశ్న ఏమిటి? చుట్టూ దాదాపు ఎవరూ మాస్కు పెట్టుకోని సమాజంలో, సాదా సర్జికల్ మాస్కు పెట్టుకున్న వ్యక్తికి వైరస్ సోకే ముప్పు సగానికి తగ్గుతుందా అని. చెప్పినట్టు పూర్తిగా పాటించామన్నది ఆ జట్టులో 46 శాతం మందే. ఎదుటివారికి సోకకుండా ఆపుతుందా అన్న ప్రశ్న అందులో లేనే లేదు. అందరూ పెట్టుకుంటే ఏమవుతుందన్న ప్రశ్నా లేదు. దాన్నుంచి ‘మాస్కు దండగ’ అనే జవాబు లాగడం కుదరదు. ‘సర్జికల్ మాస్కు పెట్టుకున్నవారికి గట్టి రక్షణ’ అనే జవాబూ రాదు. రెండోదాన్ని మాస్కు పక్షంవారు ఒప్పుకోవాలి.

బంగ్లాదేశ్‌లో 600 గ్రామాల్లో, 3 లక్షల 40 వేలకు పైగా పెద్దవారి మీద జరిగిన పరీక్ష ఆదేశం ప్రశ్నకు దగ్గరగా వస్తుంది. మాస్కు సరిగ్గా పెట్టుకునేవారు ప్రోత్సాహం అందని గ్రామాల్లో 13 శాతం ఉంటే, అందిన గ్రామాల్లో 42 శాతం ఉన్నారు. లక్షణాలు ఉండి రక్తపరీక్షలో తేలిన కోవిడ్ సుమారు 9 శాతం తగ్గింది. సర్జికల్ మాస్కులిచ్చిన గ్రామాల్లో తగ్గుదల 11 శాతం, వాటిలో 60 ఏళ్లు దాటినవారిలో 35 శాతం. గుడ్డ మాస్కులిచ్చిన చోట స్పష్టమైన ఫలితం కనబడలేదు. పదిమందిలో ఆరుగురు మాస్కు లేకుండానే ఉన్నప్పటి ఫలితమిది. కాబట్టి చిన్నదని తీసిపారేయడానికీ లేదు, అద్భుతమని చాటడానికీ లేదు. నా దృష్టిలో ఇంకా ముఖ్యమైనది వాడకం ఎలా పెరిగిందన్నది. ఇంటింటికీ ఉచితంగా మాస్కులిచ్చారు, ఎందుకో చెప్పారు, పెద్దలు పెట్టుకుని చూపించారు, బజార్లలో మనుషులు ఎదురుపడి మర్యాదగా గుర్తు చేశారు. ఫోను సందేశాలు, నగదు ప్రోత్సాహకాలు అదనంగా ఏమీ చేయలేకపోయాయి. మాస్కు ఆదేశాలు రాసేవారు ఈ ఒక్క విషయం చదివినా చాలు.

కాక్రేన్ సమీక్ష 2023 జనవరిలో వచ్చింది. చేతులు కడుక్కోవడం వంటి జాగ్రత్తల మీద జరిగినవాటితో కలిపి మొత్తం 78 పరీక్షలను చూసి, సమాజంలో మాస్కు వాడకం వల్ల తేడా కొద్దిగానే ఉండవచ్చు, లేదా లేకపోవచ్చు అంది. వాటిలో చాలాభాగం కోవిడ్‌కు ముందు ఫ్లూ మీద జరిగినవి. మాస్కు ఇచ్చినా పెట్టుకోనివారు ఎక్కువ. ‘మాస్కులు పనిచేయవని కాక్రేన్ చెప్పింది’ అని ప్రచారం జరగడంతో, ఆ సంస్థ ప్రధాన సంపాదకురాలు కార్లా సోరెస్-వైసర్ మార్చిలో ప్రకటన ఇచ్చారు. మాస్కు వాడమని ప్రోత్సహించే చర్యలు వ్యాప్తిని తగ్గిస్తాయా అన్నది తాము చూశామని, ఫలితం తేలలేదని, మాస్కులు పనిచేయవని చెప్పడం తప్పు వ్యాఖ్యానమని వివరించారు. చూశారా, ఇక్కడా చిక్కు అదే. ఆదేశం గురించిన జవాబును వస్తువు గురించిన తీర్పుగా మార్చేశారు.

జనానికి అనుమానం రావడంలో తప్పు లేదు. 2020 ఫిబ్రవరి ఆఖరున అమెరికా సర్జన్ జనరల్ (ప్రజారోగ్యం మీద ప్రభుత్వం తరఫున మాట్లాడే ప్రధాన వైద్యాధికారి) మాస్కులు కొనవద్దని, సామాన్యులకు అవి ఉపయోగపడవని ప్రకటించారు. అదే నోటితో అవి ఆసుపత్రి సిబ్బందికి అత్యవసరమన్నారు. ఏప్రిల్ 3న సీడీసీ అందరూ గుడ్డ మాస్కు పెట్టుకోవాలని సూచించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాట అనడానికి జూన్ 5 దాకా ఆగింది. కొరత ఉంది, ఆసుపత్రులకు వదలండి అని నేరుగా చెప్పి ఉంటే జనం అర్థం చేసుకునేవారు. ఉపయోగం లేదని చెప్పి నెల తిరగ్గానే పెట్టుకోమంటే నమ్మకం ఎలా నిలుస్తుంది?

దీని వెనక ఇంకా లోతైన తగువు ఒకటుంది. జబ్బు ఏ దారిన వస్తోందన్నదే తేలకపోతే మాస్కు గురించి ఏం తేలుతుంది? 1910-11లో చైనాలోని మంచూరియాలో ప్లేగు వచ్చినప్పుడు అది ఊపిరి ద్వారా సోకుతోందని డాక్టర్ వు లియన్-తే గ్రహించి, గాజుగుడ్డలో దూది పెట్టిన మాస్కు తప్పనిసరన్నారు. ఎలుకల వల్లే వస్తుందని నమ్మిన ఫ్రెంచి వైద్యుడు మెనీ ఆ మాట పెడచెవిన పెట్టి, మాస్కు లేకుండా రోగులను చూసి, కొద్ది రోజుల్లోనే ఆ ప్లేగుతోనే మరణించాడు. 2020 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ గాలి ద్వారా వ్యాపించదని గట్టిగా ప్రకటించింది. అదే నెలలో వాషింగ్టన్ రాష్ట్రంలో రెండున్నర గంటల బృందగాన సాధనకు వచ్చిన 61 మందిలో 53 మందికి జబ్బు చేసింది, ఇద్దరు చనిపోయారు. జూలైలో కోవిడ్ గాలి ద్వారా కూడా సోకుతుందని గుర్తించాలంటూ శాస్త్రవేత్తలు లిడియా మొరావ్‌స్కా, డొనాల్డ్ మిల్టన్ రాసిన విజ్ఞప్తిని 239 మంది శాస్త్రవేత్తలు సమర్థించారు. గాలిలో తేలే కణాల సంగతిని ఆ సంస్థ స్పష్టంగా ఒప్పుకునేసరికి 2021 వచ్చింది. పెద్ద తుంపరలే దారి అనుకుంటే ముఖానికి అడ్డంగా ఏ గుడ్డ ఉన్నా చాలనిపిస్తుంది. గాల్లో తేలే కణాలే దారి అని తెలిస్తే అంచు, గది, గాలి మార్పు ముఖ్యమవుతాయి. గుడ్డ మాస్కుతో సరిపెట్టుకున్న నెలలన్నీ ఈ తేడా తెలుసుకోని నెలలే.

ఆక్సిజన్ తగ్గిపోతుందన్న భయానికి మాత్రం ఆధారం లేదు. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ అణువులు ఏ ఫిల్టరుకూ చిక్కనంత చిన్నవి, పొరలోంచి గాలితో పాటే వెళ్తాయి. అయితే ఉక్క, చెమట, చర్మం మీద దద్దురు, ఎన్95తో బరువు పని చేస్తే వచ్చే ఆయాసం నిజమైనవి. వాటిని నాటకమని కొట్టిపారేస్తే ఎవరు మాట వింటారు? ఆ పనులవారికి గాలి ఆడే చోట మాస్కు తీసి విశ్రాంతి తీసుకునే వ్యవధి ఇవ్వాలి. రెండేళ్ల లోపు పిల్లలకు, స్పృహలో లేనివారికి, తమంతట తాము తీసుకోలేనివారికి అసలు పెట్టకూడదు. రెండు నుంచి ఐదేళ్ల మధ్య పిల్లల విషయంలో సంస్థలే ఏకాభిప్రాయానికి రాలేదు. సీడీసీ రెండేళ్లు దాటితే పెట్టమంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ ఐదేళ్ల దాకా తప్పనిసరి చేయవద్దన్నాయి. వినికిడి లేనివారు పెదవుల కదలిక చూసి అర్థం చేసుకుంటారు. వారితో మాట్లాడేటప్పుడు పారదర్శకమైన మాస్కు గానీ, దూరంగా ఆరుబయట మాస్కు లేని సంభాషణ గానీ ఉండాలి.

ఆదేశం రాయాల్సి వస్తే ఎలా రాయాలి? నా అభిప్రాయం చెబుతాను. ఖాళీ రోడ్డు మీద, మైదానంలో, సముద్రపు ఒడ్డున మాస్కు లేదని జరిమానా వేయడం ఆదేశాన్ని నవ్వులపాలు చేసింది. ఆరుబయట కణాలు చెదిరిపోతాయి. హోటల్ గుమ్మం దాకా మాస్కు ఉండి, మూసిన గదిలో బల్ల ముందు కూర్చోగానే తీసేయడం అంతకన్నా అర్థంలేనిది. అసలు ప్రమాదం ఉన్నది అక్కడే. కిటికీల్లేని గదులు, కిక్కిరిసిన బస్సులు, రైళ్లు, ఆసుపత్రి వరండాలు, వృద్ధాశ్రమాలు, గట్టిగా మాట్లాడే, పాడే చోట్లు, ఎక్కువసేపు కూర్చునే చోట్లు అని పేరుపేరునా రాయాలి. ‘మాస్కు’ అని ఊరుకోకుండా ఏ రకమో రాయాలి. ఆ రకాన్ని ఆ చోట ఉచితంగా అందుబాటులో ఉంచాలి. మినహాయింపు ఎవరికో ముందే చెప్పాలి. ఏ కొలమానం ఏ స్థాయికి పడితే ఆదేశం పోతుందో, ఏ తేదీన సమీక్షిస్తారో అందులోనే ఉండాలి. గడువు లేని ఆదేశాన్ని రెండు వారాలు పాటించినవారు కూడా రెండో నెలలో గడ్డం కిందికి దించేస్తారు. కిటికీలు తెరవడం, గాలి శుద్ధి యంత్రాలు పెట్టడం యాజమాన్యం బాధ్యతగా ఆదేశంలో చేర్చాలి. భారమంతా మనుషుల ముఖాల మీదే వేయడం అన్యాయం.

నిర్బంధం లేని రోజుల్లో కూడా తమను తాము కాపాడుకోవాలనుకునేవారికి దారి ఉంది. బాగా అతుక్కున్న ఎన్95 ఎదుటివారు పెట్టుకోకపోయినా గట్టి రక్షణ ఇస్తుంది. ఇద్దరూ పెట్టుకుంటే లాభం హెచ్చించుకుంటూ పోతుంది. ఒక్కో మాస్కు సగం వదిలేసినా, రెండిటినీ దాటి వచ్చేది పావు వంతే. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, అవయవ మార్పిడి జరిగినవారు మాస్కుతో కనబడితే కారణం అడిగి వేధించడం మానాలి. వారిది అవసరం, ఎవరి అభిప్రాయానికీ సవాలు కాదు.

చివరిగా పత్రికకు ఒక విన్నపం. మాస్కుల మీద ఏ అధ్యయనం వార్త వేసినా నాలుగు సంగతులు తప్పకుండా ఇవ్వండి. ఏ రకం మాస్కు, పెట్టుకున్నవారిని కాపాడటం గురించా ఎదుటివారిని కాపాడటం గురించా, నిజంగా పెట్టుకున్నవారు ఎంత శాతం, ప్రయోగశాల బొమ్మల మీదా జనం మీదా. శీర్షికలో చోటు లేకపోతే మొదటి పేరాలో ఇవ్వండి. జాగ్రత్తల గురించిన వ్యాసాల పక్కన ముక్కు కింద మాస్కు పెట్టుకున్నవారి ఫొటోలు వాడకండి. వీలైతే ముక్కు పట్టీని రెండు చేతులతో నొక్కే బొమ్మ ఒకటి వేయించండి.

ఇట్లు,
శ్వాస రక్షణ సాధనాల రంగంలో పనిచేసే ఒక పాఠకుడు